నెమలికంఠం ఎడమకి, వంకాయరంగు కుడికి

కాటన్‌పేట వెంకటేశప్ప తన ఒంటి మీద ఎవరైనా చెయ్యి వేస్తే ఊరుకునేవాడు గానీ, తన జావా మోటార్‌సైకిల్ వైర్ల మీద వేస్తే ఊరుకునేవాడు కాదు. పన్ను పీకించుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. కూతురి పెళ్ళికి వంటవాళ్ళను పిలిపించాడు. కుళాయి కారితే ప్లంబరు కోసం రెండు రోజులు ఓపిగ్గా ఎదురుచూశాడు. వైరింగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రపంచంలో తనను మించిన పనివాడు లేడని ఆయన అభిప్రాయం. ప్రపంచంలో ఆ అభిప్రాయం ఆయనొక్కడికే ఉండేది.

బండి అరవై నాలుగు నాటిది, తండ్రి కొన్నది. ఆ కాలంలో దానికి ఇండికేటర్లు లేవు. మలుపు తిరగాలంటే చెయ్యి చాపేవాళ్ళు. తొంభైల్లోకి వచ్చేసరికి బెంగళూరు బస్సులు చాపిన చెయ్యిని లెక్కచేయడం మానేశాయి. అందుకని వెంకటేశప్ప తన బండికి నాలుగు ఇండికేటర్లు, హ్యాండిల్ మీద ఒక స్విచ్చు సొంతంగా బిగించుకోవాలని నిర్ణయించాడు. అది తొంభై ఒకటిలో. తొంభై ఏడు జూన్‌లో కిరణ్మయి అనే అమ్మాయి ఆయన ఇంటి మేడమీద గదిలో అద్దెకు దిగేనాటికి ఆ పని ఇంకా జరుగుతూనే ఉంది.

కిరణ్మయిది సామర్లకోట. ఆసుపత్రుల్లో ఈసీజీ మిషన్లు బాగుచేసే కంపెనీలో సర్వీస్ ఇంజనీరుగా చేరింది. రోజుకి నాలుగు ఆసుపత్రులు తిరగాల్సిన ఉద్యోగం. డిసెంబరు ముప్పై ఒకటిలోగా గేరు బండి లైసెన్సు చూపించకపోతే ఉద్యోగం అక్కడితో సరి అని కంపెనీ కాగితంలోనే రాసి ఇచ్చింది. ఆ ముక్క మొదటి రోజే ఇంటివాళ్ళకి చెప్పడం ఆమె చేసిన పొరపాటు.

"డ్రైవింగ్ స్కూలు బండి యాలమ్మా? ఇంట్లో బండి ఉండాది కదా," అన్నాడు వెంకటేశప్ప.

వంటింట్లోంచి ఆయన భార్య రత్నమ్మ గొంతు వినిపించింది. "ఉండాది. కదిలేదానికి గ్యారంటీ లేదు గానీ, ఉండేదానికి గ్యారంటీ."

మొదటి ఆదివారం కిరణ్మయి మెట్లు దిగి చూసేసరికి బండి హెడ్‌లైటు డొప్ప ఊడదీసి ఉంది. లోపల్నుంచి వేలాడుతున్న వైర్లన్నీ ఎర్రవే.

"అన్నీ ఒకే రంగా అంకుల్? ఏది ఎక్కడికి వెళ్తుందో ఎలా తెలుస్తుంది?"

"కట్ట మొత్తం ఎరుపే దొరికింది. తెలియనికేముండాది, దారాలు కట్టినా చూడు."

వెంకటేశప్పది దారాలు, రవికె గుడ్డలు అమ్మే టోకు అంగడి. ప్రతి వైరు కొసకీ ఒక ఎంబ్రాయిడరీ దారం ముచ్చటగా ముడివేసి ఉంది. ఆయన ఒక్కొక్కటే వేలితో లేపి చూపించాడు. "నెమలికంఠం ఎడమ ఇండికేటరు. వంకాయరంగు కుడి. ఆవపువ్వు హారను. చిలకపచ్చ బ్రేకు లైటు."

"మరి ఇదీ చిలకపచ్చే కదండీ?"

"అది లేత చిలకపచ్చ. దాని సంగతి వేరే."

"రెండిటికీ తేడా ఏముంది?"

ఆయన ఆమె వంక జాలిగా చూశాడు. "ఇంజనీరింగులో రంగులు నేర్పరా అమ్మణ్ణీ?"

ఆగస్టు వానలకి దారాల రంగు దిగింది. నెమలికంఠం ఆవపువ్వులోకి, ఆవపువ్వు వంకాయలోకి పాకి, మూడూ కలిసి గోడ మీది నాచు రంగుకు వచ్చాయి. వెంకటేశప్ప ఒక్కో ముడినీ వెలుతురులో పెట్టి, అది ఒకప్పుడు ఏ రంగో జ్ఞాపకం మీద తేల్చి, మళ్ళీ కలిపాడు. మర్నాడు ఎడమ స్విచ్చు వేస్తే బ్రేకు లైటు వెలిగింది. బ్రేకు తొక్కితే ఎడమ ఇండికేటరు వెలిగింది.

"రంగు గట్టిదని చెప్పి అమ్మినోణ్ణి అనాల," అన్నాడు వెంకటేశప్ప.

"అమ్మింది మన అంగడే కదా," అంది రత్నమ్మ.

హ్యాండిల్ గొట్టం లోపలికి వైరు ఎక్కించడం ఇంకో విద్య. మెకానిక్కులు అందుకు గట్టి తీగ ఒకటి ముందు దూర్చి, దానితో వైరును లాగుతారు. వెంకటేశప్ప పిన్నీసు వాడేవాడు. లంగాకి బొందు ఎక్కించినట్టు, వైరు కొసకి పిన్నీసు గుచ్చి గొట్టంలోకి వదిలేవాడు. గుడ్డయితే పైనుంచి పిన్నీసును పట్టుకుని ముందుకు జరపొచ్చు, ఉక్కు గొట్టానికి ఆ వీలు లేదు. ఈ తేడాను ఆయన పెద్దగా పట్టించుకోలేదు. హ్యాండిల్‌ను నిలువుగా పట్టి అరచేత్తో తడితే పిన్నీసు బరువుకి వైరు దానంతటదే దిగుతుందని ఆయన సిద్ధాంతం. ఒక్కోసారి దిగేది. ఒక్కోసారి పిన్నీసు మాత్రం దిగేది. ఒక్కోసారి వైరు బయటికి వచ్చి పిన్నీసు లోపలే ఉండిపోయేది. చీర కుచ్చిళ్ళకి పెట్టుకుందామంటే ఇంట్లో పిన్నీసు దొరకక రత్నమ్మ పేరంటాలకి ఆలస్యంగా వెళ్ళేది.

"నేను చేసిపెడతానండీ. నా పనే వైర్లతో," అని కిరణ్మయి మూడుసార్లు అడిగింది.

"నువ్వు గుండెకాయ చూసే మిషను చేస్తావు. సరే, కాదనను. ఇది జావా," అన్నాడాయన మూడుసార్లూ.

ఆదివారం పొద్దున్నే, అంగళ్ళు తెరవకముందు, కాటన్‌పేట సందుల్లో తను వెనక సీట్లో కూర్చుని ఆయన ఆమెకి బండి నేర్పేవాడు. గురువుగా మంచివాడే, అరిచేవాడు కాదు. మలుపు రాగానే ఆమె స్విచ్చు నొక్కేది. ఏదీ వెలిగేది కాదు, లేదా వెలగకూడనిది వెలిగేది.

"అంకుల్, ఇప్పుడెలా?"

"చెయ్యి ఉండాది కదమ్మా. కుడికి పోవాలంటే కుడిచెయ్యి నిటారుగా చాపు. ఎడమకయితే అదే చేతిని గుండ్రంగా తిప్పు, రోట్లో పిండి రుబ్బినట్ల. గడియారం ముల్లుకి ఎదురు దిక్కుకి."

రెండు నెలలు ఆమె కాటన్‌పేట సందుల్లో గాలిని రుబ్బింది. పాలవాళ్ళు నిలబడి చూసేవాళ్ళు.

ఆమెకి అర్థంకానిది ఇంకొకటి ఉండేది. వైరింగు బాగాలేకపోవడం అర్థమవుతుంది, చేసేది వెంకటేశప్ప గనుక. కానీ శనివారం కళ్ళారా చూసిన వస్తువు సోమవారానికి బండి మీద ఉండేది కాదు. ఒక వారం ఫ్యూజు. ఒక వారం స్విచ్చు మీది బొత్తాం. ఒకసారి హారనుకి హారనే.

"ఏమైందండీ?"

"వదులై ఎక్కడో పడిపోయుంటాది," అని ఆయన వేరే దిక్కు చూసేవాడు. పని రానివాడి సాకు కాబోలనుకుని ఆమె ఊరుకునేది.

డిసెంబరు ఒకటిన మొదటి టెస్టు. ఆర్టీవో ఆఫీసు వెనక మైదానంలో నేల మీద సున్నంతో పెద్ద ఎనిమిది గీసి ఉంది. ఇన్‌స్పెక్టర్ చంద్రశేఖర్‌ది ఆంధ్ర సరిహద్దు దగ్గరి చింతామణి, తెలుగు బాగా వచ్చు. కిరణ్మయి ఎనిమిదిలో మొదటి సున్నా చక్కగా తిప్పింది. రెండోదానికి హ్యాండిల్ ఎడమకి తిప్పగానే హారను మోగడం మొదలుపెట్టింది. తిప్పినంతసేపూ మోగింది. గొట్టంలో మిగిలిపోయిన పిన్నీసు ఏదో వైరును గీరుతోందని ఇంజనీరుగా ఆమెకి అక్కడికక్కడే అర్థమైంది. అర్థమైనంత మాత్రాన హారను ఆగలేదు.

"ఎనిమిది వెయ్యమన్నానమ్మా. ఊరేగింపు తియ్యమనలేదు," అన్నాడు చంద్రశేఖర్, కాగితం మీద అడ్డగీత గీస్తూ.

పదిహేనున రెండో టెస్టు. ఈసారి హారను నోరెత్తలేదు. కుడి ఇండికేటరు వెలగలేదు. చంద్రశేఖర్ వంగి చూశాడు. నారింజరంగు డొప్ప ఉంది, స్క్రూలు ఉన్నాయి, లోపల బల్బు లేదు.

"నిన్న సాయంత్రం నేనే చూశాను సార్," అంది కిరణ్మయి.

"నేను ఈరోజు చూస్తున్నానమ్మా."

గడువులోగా ఇక మిగిలిన టెస్టు తేదీ డిసెంబరు ముప్పై. డ్రైవింగ్ స్కూలుకి పరిగెత్తితే గేరు బండి జనవరి అయిదు దాకా ఖాళీ లేదన్నారు. ఆఫీసులో బండి ఉన్నవాళ్ళందరికీ ఆ రోజు ఫీల్డు డ్యూటీ. టెస్టుకి ముందు ఆదివారం కిరణ్మయి కిందికి దిగి, అద్దెకున్న సంగతి మర్చిపోయి, కోపంగా మాట్లాడింది.

"అంకుల్, ఈసారి తప్పితే నేను పెట్టె సర్దుకుని ఊరికి వెళ్ళాలి. మీ బండి వల్ల."

వెంకటేశప్ప చేతిలోని కటింగ్ ప్లయరు వంక చూసుకున్నాడు. తర్వాత దాన్ని ఆమె ముందుకు చాపాడు.

"నువ్వే చెయ్యి అమ్మణ్ణీ," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

మధ్యాహ్నానికి ఆమె హ్యాండిల్ విప్పి మూడు పిన్నీసులు బయటికి తీసింది. రత్నమ్మ వాటిని కడిగి కళ్ళకద్దుకుంది. కొత్త వైర్లు, రంగుకో వైరు, గట్టి తీగకి టేపుతో చుట్టి గొట్టంలోంచి లాగింది. మీటరు పెట్టి ఒక్కోటీ పరీక్షించింది. ఎడమ, కుడి, బ్రేకు, హారను, అన్నీ చెప్పినమాట విన్నాయి. వెంకటేశప్ప పక్కనే గొంతుక్కూర్చుని అంతా చూశాడు. "బాగుండాది. కానీ కళ లేదు," అన్నాడు.

ముప్పయ్యో తారీకు పొద్దున మైదానం చేరేదాకా ఇండికేటర్లు టిక్కు టిక్కుమంటూనే ఉన్నాయి. తోడు వచ్చిన వెంకటేశప్పను బండి దగ్గర ఉంచి, కాగితం మీద ముద్ర వేయించుకోవడానికి కిరణ్మయి లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి హెడ్‌లైటు డొప్ప వదులుగా ఉంది. అలవాటుకొద్దీ స్విచ్చు నొక్కింది. ఏమీ లేదు. డొప్ప లాగి చూసింది. ఇండికేటర్లను ఆర్పి వెలిగించే ఫ్లాషర్ డబ్బా ఉండాల్సిన చోట రెండు వైర్లు ఖాళీగా చేతులు చాపి ఉన్నాయి.

"అంకుల్, ఫ్లాషర్ ఎక్కడ?"

వెంకటేశప్ప మైదానం వైపు చూశాడు. అక్కడ ఎనిమిది మీద బక్కపలచటి మనిషి ఒకడు, వీళ్ళ జావాకన్నా ముసలిదైన బండి మీద, నాలుక కరుచుకుని తిరుగుతున్నాడు. అతని ఇండికేటర్లు మాత్రం టిక్కు టిక్కుమంటున్నాయి.

"చిక్కమునియప్ప అంట. హొసకోటె నించి వచ్చినాడు. ఫ్యాక్టరీలకి అన్నం క్యారియర్లు మోస్తాడు. లైసెన్సు లేదని పోలీసోళ్ళు బండి పట్టుకుంటా ఉండారంట. ఆయప్పకి ఇది మూడోసారి అమ్మణ్ణీ."

"నాదీ మూడోసారే."

"నీకు చేత్తో చూపించేది వస్తాది. ఆయప్పకి రాదు. నేను అడిగి కనుక్కునే ఇచ్చినా."

కిరణ్మయి హెడ్‌లైటు డొప్పను మళ్ళీ మూసింది. తర్వాత మెల్లగా అడిగింది. "మొన్న బల్బు?"

"ఒక అవ్వ కొడుకు, అవ్వని ఆసుపత్రికి తీసుకుపోతా ఉండాడు. వెనక లైటు లేదు."

"హారను?"

"అది పాత కథ. పోనీ."

ఆరేళ్ళ వైరింగు ఆమె కళ్ళముందు తిరిగింది. సగం పాడు ఈయన చేతి పనితనమే, అందులో సందేహం లేదు. మిగతా సగం బెంగళూరు రోడ్ల మీద ఎవరెవరి బండ్లకో వెలుగుతూ ఉండాలి. ఆయన మీద అరవాలనిపించింది గానీ, అప్పుడే ఆమె పేరు పిలిచారు.

చంద్రశేఖర్ జావాను దూరం నుంచే గుర్తుపట్టి కాగితం ముందే మడత విప్పుకున్నాడు. "ఈరోజు ఏది లేదు?"

"ఇండికేటర్లు లేవు సార్. చేత్తో చూపిస్తాను. రూలు ఒప్పుకుంటుంది కదా."

"ఒప్పుకుంటుంది. అది చేతనైనవాళ్ళు కనిపించరు, అంతే. సరే, కానియ్యమ్మా."

కిరణ్మయి బండి కదిపింది. కుడి మలుపుకి చెయ్యి నిటారుగా చాపింది. ఎడమ మలుపు ముందు వేగం తగ్గించి, కుడిచేతిని రెండుసార్లు గుండ్రంగా తిప్పి, సున్నం గీత తొక్కకుండా తిరిగొచ్చింది. బండి ఆగిపోలేదు, ఒక్క కాలూ నేలకి ఆనలేదు. చంద్రశేఖర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఆ ఎడమ సిగ్నలు ఇంకోసారి చెయ్యమ్మా."

ఆమె చేసింది.

"దీన్ని నేను చూసి ఎనిమిదేళ్ళయింది. ఎవరు నేర్పించారు?"

"ఈ బండే సార్."

ఆయన కాగితం మీద సంతకం చేసి, జావాను ఓసారి చుట్టూ తిరిగి చూసి, వెంకటేశప్పతో అన్నాడు. "ఏమప్పా, ఈ ఇండికేటర్లన్నీ పీకి పారేయి. అవి లేకుంటేనే బండి బాగుండాది."

"వైరింగు గురించి అందరూ అదే అంటారు సార్," అన్నాడు వెంకటేశప్ప వినయంగా.

గేటు దగ్గర చిక్కమునియప్ప ఫ్లాషర్ డబ్బా చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతనూ పాసయ్యాడు. తిరిగి ఇవ్వబోతే వెంకటేశప్ప తీసుకోలేదు. "రోజూ హొసకోటె రోడ్డులో పోయేవాడివి. పెట్టుకో. మా ఇంట్లో ఇంజనీరు ఉండాది, ఇంకోటి బిగిస్తాది."

ఆరేళ్ళలో మొదటిసారి ఆయన ఆ పని మరొకరికి అప్పగించిన సంగతి కిరణ్మయి గమనించింది. గమనించనట్టు బండి స్టార్టు చేసింది. వెంకటేశప్ప వెనక కూర్చున్నాడు.

మార్కెట్ దగ్గర రద్దీలో ఆమె కుడికి తిరగాలని కుడిచెయ్యి చాపింది. సరిగ్గా అప్పుడే వెనక ఆయన ఎడమచెయ్యి చాపాడు. వాళ్ళ వెనక వస్తున్న బస్సు ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయింది.

"అంకుల్, ఎడమకెందుకు?"

"అద్దో, ఆ మోపెడ్ ఆయప్పని చూడు."

గుంపు మధ్యలో ఒక పెద్దమనిషి మోపెడ్ మీద కూర్చుని, నోటితో "పాం, పాం" అంటూ దారి చేసుకోవడానికి తంటాలు పడుతున్నాడు.

"పాపమే. కానీ ఇవ్వడానికి మన దగ్గర ఇంకేం మిగిలిందండీ?"

"హారను ఉండాది కదమ్మా," అన్నాడు వెంకటేశప్ప, జేబులో ప్లయరు వెతుక్కుంటూ.

కిరణ్మయి గేరు తగ్గించి బండిని ఎడమ పక్కకి తీసింది.