రెండు పరీక్షలు, మూడు మేకలు

చంద్రరావు ముప్పయ్యేళ్లుగా మేకల మెడల్లో, గొర్రెల మెడల్లో సూది గుచ్చుతూనే ఉన్నాడు. పశువుల ల్యాబ్‌లో టెక్నీషియన్. రక్తం తియ్యడం, గడ్డకట్టాక పైన తేరిన నీటిని వేరుచెయ్యడం, దాన్ని పరీక్షకు పెట్టి రంగు మారిందో లేదో చూడటం. బతుకంతా ఇదే. సామర్లకోటలో బస్సెక్కేసరికే నడుం పట్టేస్తోంది. రిటైర్మెంటుకి ఇంకో ఏడాది ఉంది. అప్పటిదాకా ఎలా ఈడ్చాలా అన్నదే అతని బెంగ.

ఆరేళ్లుగా ఈడుస్తున్నది జోన్స్ వ్యాధితో. అది సోకిన మేక మేత మేస్తూనే చిక్కిపోతుంది. ఏళ్ల తరబడి బయటపడదు, ఈలోగా దాని పెంటికల ద్వారా దొడ్లో మేకపిల్లలకి అంటుకుంటుంది. ల్యాబ్‌లో వాడే పాత కిట్టు ముదిరిన రోగాన్నే పట్టుకుంటోందని డాక్టర్ పావని గారికి అనుమానం. అందుకే ఆవిడా, చంద్రరావూ కలిసి కొత్త రక్తపరీక్ష ఒకటి తయారుచేశారు. ఇప్పుడు ఒకే రక్తాన్ని రెండింటితోనూ చూసి పోలుస్తున్నారు. పోలిక తేలేదాకా రైతుకి పాత కిట్టు చెప్పిందే చెప్పాలి. అది రూలు.

పెద్దాపురం పక్కన వెంకన్న మందలో నలభై మేకలు. పాత కిట్టు అన్నీ బాగున్నాయంది. కొత్తది మూడింటిని పట్టుకుంది. చంద్రరావు ఫోన్ చేసి, "మంద బావుంది వెంకన్నా," అని చెప్పాడు. చెప్పాక రెండు రోజులు అన్నం సయించలేదు.

పావని గారు నీరుగారిపోయారు. "బయటినుంచి ఒక్క మేకనీ కొనలేదన్నాడు కదండీ. నలభైనీ చూశాం, రోగం ముదిరింది ఒక్కటీ లేదు. మరి ఆ మూడింటికీ ఎక్కణ్ణుంచి అంటుకుంది? మన పరీక్షే తప్పేమో చంద్రరావు గారూ. ఇలాగైతే దీన్ని పక్కన పెట్టెయ్యాల్సిందే."

ఆరేళ్ల చాకిరీ! నిజం చెప్పొద్దూ, ఆ మూడింటికీ రోగం ఉంటే బాగుణ్ణని చంద్రరావు అనుకున్నాడు. అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. మర్నాడు మండుటెండలో మళ్లీ వెంకన్న దొడ్డికి వెళ్లాడు.

దొడ్డి మూల ఒక మేకపోతు కట్టేసి ఉంది. నుదుట పసుపు, మెడలో ఎర్రగుడ్డ. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. తవుడు మాత్రం ఆబగా తింటోంది.

"ఇదెక్కడిదయ్యా? ఆ రోజు చూపించలేదేం?"

"అది మరిడమ్మ తల్లి పోతండి. మొక్కుకుని నాలుగేళ్లయింది. ఏటా జాతరకి ఇచ్చేద్దామనుకోడం, ఏదో అడ్డం రాడం." వెంకన్న నవ్వాడు. "నీ మేకలెన్నని కదండీ మీరడిగింది? నావి నలభయ్యేనండి. అమ్మవారిదాన్ని నా లెక్కలో ఎలా కలుపుతానండి?"

చంద్రరావు తల కొట్టుకున్నాడు. ఇన్నేళ్లూ ప్రతి దొడ్డిలోనూ 'నీ మేకలెన్ని' అనే అడిగాడు గానీ, దొడ్లో ఎన్ని ఉన్నాయని అడగలేదు.

పోతు రక్తానికి రెండు పరీక్షలూ రోగం ఉందనే చెప్పాయి. ఆ మూడింటికీ అంటుకున్న దారి దొరికింది. పావని గారు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, "ఇక రూలు చూస్తూ కూర్చోకండి. రోగాన్ని ఖాయం చేసే పెంటికల పరీక్ష తేలడానికి నాలుగు నెలలు పడుతుంది. అప్పటిదాకా పోతునీ, ఆ మూడింటినీ విడిగా కట్టెయ్యమనండి," అన్నారు.

చంద్రరావు ఆ సాయంత్రమే వెళ్లి మూడు మేకల చెవి నంబర్లూ చదివాడు. వెంకన్న వేళ్లు మడిచి ఆలోచించాడు.

"రెండే ఉన్నాయండి. పంతొమ్మిదో నంబరుది మా చెల్లెలు పాపాయికిచ్చేశాను. మీరు ఫోన్లో బావుందన్నారు కదండీ, ఆ మర్నాడే తోలుకెళ్లింది. దానికీ పాతిక మేకలున్నాయి, అందులో కలిపేసుంటది." అతని గొంతులో నిష్ఠూరం లేదు. "పాడి మేకండి. ఆడపడుచు కదాని మంచిదే ఏరి ఇచ్చాను."

చంద్రరావు అక్కడే మట్టి అరుగు మీద కూలబడ్డాడు. పాపాయిది ఏ ఊరో అడగాలి.