మా మామ మిరపచేను, నా క్రిటికల్ రీజనింగ్

ఎంబీఏ ప్రవేశ పరీక్షకు చదవడం మొదలుపెట్టిన కొత్తలో నేను క్లాసులో అందరికంటే వెనకబడింది క్రిటికల్ రీజనింగులోనే. లెక్కలు బాగానే వచ్చేవి. మాది ఆళ్లగడ్డలో పురుగుమందులు, విత్తనాలు అమ్మే అంగడి. అంగట్లో పెరిగినవాడికి లెక్కలు రాకపోతేనే వింత. ముప్పై దాటి, పెళ్లయి, ఒక కూతురు పుట్టిన తర్వాత ఎంబీఏ ఎందుకని ఊళ్లో చాలామంది అడిగారు. అంగట్లో కూర్చోవడం నా స్థాయికి తగ్గ పని కాదని నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. దానికి ఆధారం ఏమిటని ఎవరూ అడగలేదు, నేనూ వెతకలేదు.

ఆదివారం ఆదివారం నంద్యాలలో క్లాసు. బస్టాండు దగ్గర టైర్ల అంగడి మీద మేడ. బస్సు శిరివెళ్ల దాటేదాకా నిద్ర, అక్కడి నుంచి పుస్తకం.

క్రిటికల్ రీజనింగంటే పెద్ద విద్యేమీ కాదు. ఒక చిన్న పేరా ఇస్తారు. అందులో ఎవడో ఒకడు ఏదో చూసి ఏదో తేల్చేస్తాడు. ఊళ్లో వంతెన కట్టారు, ఆ ఏడాది హోటళ్లకు గిరాకీ పెరిగింది, కాబట్టి వంతెన వల్లే పెరిగింది అంటాడు. కింద ఐదు జవాబులుంటాయి. ఒకసారి అతని వాదానికి బలమిచ్చేది ఏదో పట్టుకోమంటారు, ఒకసారి దాన్ని పడగొట్టేది పట్టుకోమంటారు. ప్రశ్నకు రెండు నిమిషాలు. ఎవరి పక్షం వహించాలో ప్రశ్నే చెబుతుంది. మనకు సొంత పక్షం అక్కర్లేదు. ఆ సౌకర్యం నాకు భలే నచ్చింది.

కానీ మొదట్లో అన్నీ తప్పులే. ఒకరోజు సార్ బోర్డు మీద ఒక ప్రశ్న రాశాడు. ఏదో దేశంలో ఒక కొత్త ఎరువు వాడిన రైతులను అడిగితే దిగుబడి పెరిగిందన్నారట. కాబట్టి ఎరువు మంచిది. ఈ వాదాన్ని పడగొట్టేది ఏది? నేను చెయ్యెత్తాను.

"రైతులు దిగుబడి సంగతి బయటోళ్లకు నిజం సెప్పరు సార్. అడిగినోడు ఎరువు కంపెనీవాడైతే అస్సలు సెప్పరు."

క్లాసంతా నవ్వింది. సార్ కూడా నవ్వాడు. "ఏమప్పా ఆళ్లగడ్డ, ఆ మాట పేరాలో యాడుంది?"

"పేరాలో లేదు సార్. మా అంగట్లో ఉండాది."

"అంగడి మూసి రాప్పా క్లాసుకు! పేరా బయటిది ఏదీ లోపలికి తేకూడదు. నీకు తెలిసిందంతా నీ దగ్గరే పెట్టుకో. ఇచ్చిన ముక్కల్తోనే తేల్చల్ల."

నాకు తెలిసిందంతా నా దగ్గరే పెట్టుకోవడం నేర్చుకున్నాను. రెండు నెలల్లో మార్కులు పెరిగాయి. వాటితోపాటు నోరూ పెరిగింది. ఇంట్లో ఎవరు ఏ మాటన్నా అది నాకు పేరాలాగే వినపడేది.

ఒక ఆదివారం బస్సు దారిలో చెడిపోయి ఆలస్యంగా ఇంటికి చేరాను. "నల్ల చొక్కా ఏసుకొని పోతే చెడిపోక ఏమైతాది?" అంది మా అమ్మ.

"నల్ల చొక్కాలోళ్లు దినామూ ఎక్కుతార్లేమ్మా ఆ బస్సు. దినామూ చెడిపోతాందా?"

"వాళ్ల సంగతి నాకెందుకు? నేను కన్నది నిన్ను గదా."

ఈ జవాబుకు పుస్తకంలో మందు లేదు. అయినా గెలిచింది నేనే అనుకున్నాను. ఇంకో రోజు నా భార్య, "బావా, నువ్వు నంద్యాల పోతాండావ్, ఆదివారం ఆదివారం పిల్లదానికి జ్వరమే" అంది. ఆమె మా మేనమామ కూతురు, చిన్నప్పటి నుంచీ బావా అనే పిలుస్తుంది. నేను నంద్యాల పోవడానికీ జ్వరానికీ కార్యకారణ సంబంధం లేదని, రెండు సంగతులు ఒకేసారి జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని, వేలు చూపించి మరీ వివరించాను. ఆమె మొత్తం విని, "కారణమని యెవురన్నారు? ఆసుపత్రికి నేనొక్కదాన్నే ఎత్తుకొని పోతాండానంటాండా" అంది.

అనని మాటను పడగొట్టి సంతోషపడటం ఎలా ఉంటుందో ఆ రోజు తెలియాల్సింది. తెలియలేదు.

ఆ ఏడు మిరపకు నల్ల తామర పురుగు పట్టింది. కంటికి ఆనీ ఆననంత పురుగు. పూవులో దూరి కూర్చుంటుంది. పూత రాలిపోతుంది, ఆకు ముడుచుకుపోతుంది. మా అంగట్లో ఉన్న మందులన్నీ రైతులు ఒకదాని తర్వాత ఒకటి కొట్టారు. ఒక మందు తీసుకుపోయినవాడు వారానికల్లా అదే ముఖంతో వచ్చి ఇంకో మందు అడిగేవాడు. ఏదీ పనిచేయడం లేదని కౌంటరు వెనక ఉన్న నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. ఒక్కొక్క రైతు చూసేది తన చేనే. నేను అందరి ముఖాలూ చూస్తున్నాను.

అదే రోజుల్లో ఒక కంపెనీ కొత్త మందు తెచ్చింది. పెట్టెలన్నీ అమ్ముడుపోతే డీలర్లను బ్యాంకాక్ తీసుకుపోతామంది. మా నాయన ఎన్నడూ హైదరాబాదు దాటి ఎరగడు. వెంటనే పాస్‌పోర్టు ఫోటో దిగి వచ్చాడు. ఫోటోలో నవ్వకూడదట, ఆ బాధ ఒక్కటే ఆయనకు మిగిలింది.

మా ప్రాంతంలో మందు కొనడానికి ఒక పద్ధతుంది. మందు పేరుతో ఎవరూ రారు. ఎవరి చేను బాగుంటే వాళ్ల గట్టు మీద పారేసిన ఖాళీ సీసా ఏరుకుని వచ్చి, ఇదే ఇవ్వమంటారు. ఒక మధ్యాహ్నం మా మామ అలాగే ఖాళీ సీసా సంచిలో పెట్టుకుని వచ్చాడు. నాకు పిల్లనిచ్చిన మామ, మా అమ్మకు తమ్ముడు. చాగలమర్రి దగ్గర పల్లెలో వ్యవసాయం. ఆ ఏడు ఉన్న చేనంతా మిరపే వేశాడు. మా నాయన అన్నానికి ఇంటికి పోయాడు. నేను కౌంటరు మీద పుస్తకం పెట్టుకుని, ఫోన్లో టైమర్ పెట్టుకుని వరసగా ప్రశ్నలు చేస్తున్నాను.

"అల్లుడా, ఈ మందుండాదా?"

కంపెనీవాడి కొత్త మందే. "ఉండాది మామా" అన్నాను, తల సగం ఎత్తి.

"ఆత్మకూరు కాడ మా షడ్డకుడు కొట్నాడప్పా. పురుగుతో సచ్చేటట్లుండిన చెట్లు పచ్చగ లేసి నిలబడినాయి. పోయి నా కండ్లతో సూసొచ్చినా. వానికి అదృష్టం గూడ కలిసొచ్చింది, మందు కొట్నాక రెండు దినాలు వాన బాగ పడె. మా దిక్కు సుక్క ల్యా. నాది ఇంగ సగం చేను బాగుండాది. ఇప్పుడు కొడితే నిలబడతాదా? నువ్వు సదువుకుంటాండావ్, నువ్వు సెప్పు."

ఇంతకంటే తేలికైన ప్రశ్న ఏ పుస్తకంలోనూ ఉండదు. మందు కొట్టారు, వాన పడింది, చెట్టు తేరుకుంది. గట్టి వాన పడితే ఆ పురుగు కొట్టుకుపోతుంది. పేరా బయటిది తేకూడదన్న సాకు కూడా నాకు లేదు, వాన మామ చెప్పిన మాటల్లోనే ఉంది. ఆయన నోరు మూసేలోపే నాకు జవాబు తెలిసింది. తెలిసినందుకు లోపల చిన్న సంతోషం కూడా కలిగింది. ఇంత త్వరగా పట్టుకున్నానే అని.

ఆ సంతోషంతోనే అవతలి పక్షం తీసుకున్నాను. ఎందుకని ఇన్నాళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. నాయన బ్యాంకాక్ కోసమని చెప్పుకుంటే కొంత తప్పు ఆయన మీదికి పోతుంది, కానీ ఆ క్షణంలో నాకు నాయన గుర్తుకు రాలేదు. వద్దంటే మామ మరి ఏం కొట్టాలి అంటాడు, ఏ మందూ లేదని చెప్పాలి, ఆయన కూర్చుంటాడు, మాట పెరుగుతుంది. ఫోన్లో సెకన్లు పోతున్నాయి. అంతే.

"నీదీ ఆయన ఏసిన రకమే గదా?" అన్నాను.

"అదే."

"పురుగూ అదే."

"అదే గదప్పా."

"కొట్టక ముందు సచ్చేటట్లుండె, కొట్నాక లేసె. ఇంగేముంది మామా అడిగేకి."

"అయితే కొట్టొచ్చునంటావ్."

"కొట్టు మామా."

వాదానికి బలమివ్వడం అంటే ఇదే. ఆయన ముఖంలో బరువు దిగింది. సీసాలు సంచిలో వేసుకుని, కూతురినీ మనవరాలినీ అడిగానని చెప్పమని పోయాడు. నేను టైమర్ చూసుకున్నాను. ఇంకా కొంచెం టైముంది. చేస్తున్న ప్రశ్న ఎక్కడో విదేశంలో పావురాల సంఖ్య ఎందుకు తగ్గిందన్నది. సరైన జవాబే పెట్టాను.

మామ ఒకసారి కొట్టాడు. వారం ఆగి ఇంకోసారి కొట్టాడు. వాన రాలేదు. బాగున్న సగం చేను కూడా ముడుచుకుపోయింది. సంగతులన్నీ నా భార్య ఫోన్లో విని నాకు చెప్పేది, నేను ఊఁ కొట్టేవాణ్ని. చివరికి చేను దున్నించేశాడని తెలిసి ఇద్దరం బండి మీద పోయాము. చేలో ట్రాక్టరు చాళ్ల మధ్య మిరపకట్టె తిరగబడి ఉంది. మామ గట్టు మీద కూర్చుని, ఏడుస్తున్న కూతురిని తానే సముదాయిస్తున్నాడు.

"మందు మంచిదేమ్మా. తప్పు నాదే. నేను ఎండపూట కొట్టిస్తి. షడ్డకుడు సందకాడ కొట్టినాడంట. నీ మొగుడు పాపం సరిగ్గనే సెప్పినాడు."

చిల్లులు పడ్డ వాదం. అన్ని చిల్లులూ నాకు అనుకూలంగా పడ్డాయి. నేను నోరు తెరవకుండా ఉంటే చాలు. జీవితంలో మొదటిసారి ఒక వాదాన్ని పడగొట్టడానికి నాకు మనసు రాలేదు. అయినా అన్నాను.

"ఎండకు కాదు మామా. మీ షడ్డకుని చేనును నిలబెట్టింది వాన. మందు కాదు."

"నీకెప్పుడు తెలిసె?"

"అంగట్లో నువ్వు సెప్తాండప్పుడే."

ఆయన కట్టెపుల్లతో మట్టి గెలికాడు. "మీ నాయన ఇచ్చింటే యాపారమనుకుందును. మీ నాయన్ను అడగాలంటే ఆయన అన్నానికి పోయినాక యాల వస్తా? పొద్దున్నే ఆళ్లగడ్డలో దిగి, ఆయన ఎప్పుడు ఇంటికి పోతాడాని హోటల్లో కూసుంటి. నేను అంగడాయన్ను అడగల్యాప్పా. అల్లున్ని అడిగినా."

తిరిగి వచ్చేటప్పుడు బండి మీద నా భార్యకు మిగతాదీ చెప్పేశాను, టైమర్, పావురాల సంగతితో సహా. ఆళ్లగడ్డ దగ్గర పడ్డాక, "పావురాల ప్రశ్న సరిగ్గ పెట్టినావా బావా?" అంది.

"పెట్టినా."

"మంచిది."

పరీక్ష రాశాను. క్రిటికల్ రీజనింగులో మంచి మార్కులే వచ్చాయి, మిగతావాటిలో రాలేదు. సీటు రాలేదు. నాయన బ్యాంకాక్ పోయి, అక్కడ అన్నం సరిగ్గా దొరకలేదని తిట్టుకుంటూ వచ్చాడు. నేను ఇప్పటికీ అంగట్లోనే ఉన్నాను. పనిచేయని మందు పనిచేయదని చెప్పడం మొదలుపెట్టాను. గిరాకీ కొంత తగ్గింది, నాయన నాతో మాటలు ఇంకొంత తగ్గించాడు.

మరుసటి ఏడు మామ పత్తి వేశాడు. ఒకరోజు మా అంగడి ముందే బస్సు దిగి, మా వైపు చూడకుండా రోడ్డు దాటి ఎదురంగడికి పోయాడు. చేతిలో పత్తికాయ ఉంది. నేనూ వెంటనే దాటి పోయాను. కాయ పగలగొట్టి ఉంది, లోపల గులాబీరంగు పురుగు. ఎదురంగడాయన అప్పటికే మందు తీసి కౌంటరు మీద పెట్టాడు.

"వద్దు మామా," అన్నాను. "పురుగు కాయ లోపలికి పోయినాక పైన ఏం కొట్టినా తగల్దు."

"ఏందన్నా, గిరాకీని లాక్కపోను ఏకంగా నా అంగట్లోకే వస్తివే?" అన్నాడు ఎదురంగడాయన.

"లాక్కపోను రాల్యా. మా అంగట్లోనూ ఇదే మందుండాది. ఆడ గూడ పనిజేయదు."

"నీయట్లాంటోడు ఎదురుగుంటే మాకు దినామూ పండగేలే!" అని ఆయన పకపకా నవ్వాడు.

మామ నవ్వలేదు. నన్ను చూసి, మెత్తగానే అన్నాడు. "నువ్వు సెప్పేది నిజమే అయ్యుండొచ్చులేప్పా."

"నిజమే మామా."

"ఆ పొద్దు గూడ ఇట్లనే సెప్తివి, ఇంతే గట్టిగ." సీసాలు తీసి సంచిలో వేసుకున్నాడు.

చెప్పినవాడు ఎవడన్నది చూడకూడదు, చెప్పిన మాట నిలుస్తుందా లేదా అన్నదే చూడాలని క్లాసులో నేర్పారు. ఆ లెక్కన మామ చేసింది తప్పు. ఆ తప్పు ఆయనకు ఎత్తిచూపడానికి మాత్రం నేను తగను. ఆయన బస్సెక్కేదాకా పక్కనే నిలబడ్డాను. కిటికీ దగ్గర కూర్చుని, "మా అక్కకు మోకాళ్ల నొప్పి తగ్గిందా?" అని అడిగాడు.

"తగ్గింది మామా" అన్నాను.

తల ఊపాడు. బస్సు కదిలింది. సాయంత్రం మా అమ్మకు ఫోన్ చేసి, నొప్పి నిజంగానే తగ్గిందా అని కనుక్కున్నాడు.