ముగ్గురూ ఒకింటోళ్లే

దాని మీద నాకు ఇప్పటికీ కుళ్లే. దాచుకోను.

ప్రొద్దుటూరులో ఎంటెక్ చదివేటప్పుడు గైడు సార్ దగ్గర ఇద్దరమే ఆడపిల్లలం, నేనూ అదీ. నాది జమ్మలమడుగు, మా నాయన మిషన్ బడిలో అయ్యవారు. తనది తొండూరు పక్క పల్లె. వాళ్ల నాయన ఊళ్లో ఒక పార్టీకి పెద్ద, అవతలి పార్టీతో పాత పగలు. ఎన్నికలు దగ్గరపడితే తను కాపలా మనుషులతో జీపులో కాలేజీకొచ్చేది. సార్ దగ్గర రీసెర్చి సీటు ఒక్కటే. అది నాదేనని హాస్టలంతా చాటుకున్నాను.

సిలికాన్ బదులు కార్బన్ నానోట్యూబులతో చిప్పు గీయడం మా పని. కంటికి ఆనని గొట్టాలవి. కొన్ని పుట్టుకతోనే చెడిపోయి ఉంటాయి, ఏవో ముందుగా తెలియదు. అందుకని నేను ఒకే సర్క్యూట్‌ను మూడుసార్లు గీసి, వాటిలో ఏ రెండు ఒకటే చెబితే అదే జవాబని పెట్టాను. ఒకటి చెడినా మిగతా రెండూ కాపాడతాయి. సార్ భేష్ అన్నాడు. దాని మొహం వాడిపోవడం చూసి నా కడుపు నిండింది.

తను కంప్యూటర్లో నా బొమ్మను అటూ ఇటూ జరిపి చూసింది.

"మూడిట్నీ ఒకే వరసలో పెట్నావు గద మే. పొడుగాటి గొట్టం ఒకటే మూడిట్లో దూరి పోతాంది. అది చెడితే మూడూ ఒకే అబద్ధం చెప్తాయి. మెజారిటీ దాన్నే నమ్ముతాది." సార్ వైపు తిరిగింది. "మా నాయన కాపలాకు ముగ్గుర్ని పెడితే ఒకింటోళ్లను పెట్టడు సార్. అవతలోళ్లు ఒకన్ని కొంటే ముగ్గురూ పోతారు."

ఏ గొట్టమూ రెండు సర్క్యూట్లను తాకకుండా మూడింటినీ వేరు వేరు వరసల్లోకి జరిపింది. సీటు తనకే వచ్చింది.

నేను మండిపోయాను. ఎన్ని పుస్తకాలు తిరగేసినా నాకు తట్టనిది దానికి ఇంట్లో అన్నంతోపాటు వడ్డించినారు. పగలూ కక్షలూ లేని ఇంట్లో నన్ను కన్నందుకు మా నాయన మీద కూడా కోపమొచ్చింది.

ఆ సాయంత్రం జమ్మలమడుగు బస్సు కోసం నిలబడితే తను జీపు ఆపించి దిగింది.

"ఎండాకాలం మీరు యాడ పండుకుంటారు మే?"

"వాకిట్లో, మంచాలేసుకోని."

"తలుపు?"

"తీసే ఉంటాది."

"నాకు బుద్ధి తెలిసినప్పట్నుంచి ఆరుబయట పండుకోలేదు. నిన్ను చూస్తే శానా కుళ్లు మే," అని జీపెక్కింది.

ఆ మాటకు నా మనసు కరగాలి. కరగలేదు. మార్చుకునే వీలే ఉంటే, మా వాకిలి, మంచాలు, తీసిన తలుపు అన్నీ అక్కడే ఇచ్చేసి ఆ సీటు తెచ్చుకునేదాన్ని.