రాకెట్టంటే గిట్టని మాదయ్య

పెరంబూరులో మాదయ్య ఉండే వీధిలో ఎవరికి ఏ కష్టం వచ్చినా తప్పు రాకెట్టుదే. రేషన్ కొట్లో కందిపప్పు అయిపోతే రాకెట్టు, మురుగుకాలువ పొంగితే రాకెట్టు. టీ కొట్టు బల్ల మీద కూర్చుని, "ఆడ చందమామ మీద నీళ్ళు ఉండాయని కనిపెట్నారంట. ఈడ మన పంపులో ఉండాయో లేదో, అదీ కనిపెట్టమను సామీ!" అనేవాడు. రైలుపెట్టెల ఫ్యాక్టరీలో వెల్డరుగా చేసి రిటైరయిన మనిషి. గేటు మీటింగుల్లో అరిచి అరిచి సంపాదించుకున్న గొంతు. ఆ గొంతుతో చెబితే అబద్ధమైనా నిజమేమో అనిపించేది, నిజమైతే ఇక చెప్పేదేముంది.

ఇది వీధికి తెలిసిన మాదయ్య. తెలియని మాదయ్య ఇంకొకడున్నాడు.

శ్రీహరికోటలో రాకెట్టు ఎగిరిన రోజున, మబ్బు పట్టకపోతే, పెరంబూరు మిద్దెల మీది నుంచి కనిపిస్తుంది. ఉత్తరాన ఒక నిప్పుచుక్క, వెనకాల తెల్లటి తోక. సరిగ్గా ఆ వేళకు మాదయ్యకు మిద్దె మీద ఏదో ఒక పని పడేది. బతుకంతా పట్టాల మీద అడ్డంగా పోయేవాటినే అతికించినవాడికి, నిలువుగా పోయేదాన్ని చూస్తే ఒళ్ళు జలదరించేది. నీళ్ళ ట్యాంకు వెనక నక్కి, అది కనుమరుగయ్యేదాకా చూసి, ఏమీ ఎరగనట్టు దిగివచ్చేవాడు.

"వడియాలు తీసేదానికి పొయినా" అనేవాడు భార్యతో.

భువనేశ్వరి ఆ ఏడాది వడియాలే పెట్టలేదు. అయినా "ఎండినాయా?" అని అడిగి ఊరుకునేది.

ఇక పంపు సంగతి. వీధికంతా ఉమ్మడి బోరు, దానికొక చేతిపంపు. ఆ వీధిలో మగవాళ్ళు పంపు గురించి మాట్లాడవచ్చు, తిట్టవచ్చు, దాని దిమ్మె మీద కూర్చుని పేపరు చదువుకోవచ్చు. కొట్టడం మాత్రం ఆడవాళ్ళ పని. లోపల ఏదో అరిగిపోయి, పిడి ఇనప దూలంలా బిగుసుకుపోయింది. భువనేశ్వరి కుడి భుజం పోయింది. కొప్పు ముడుచుకోవాలంటే చెయ్యి పైకి లేవక, తలనే చెయ్యి దగ్గరికి వంచుకునేది. మాదయ్య అది చూసినప్పుడల్లా రాకెట్టును ఇంకో రెండు తిట్లు తిట్టేవాడు. పిడి మాత్రం పట్టేవాడు కాదు. మగవాడు గదా.

వినాయకచవితి పందిరికి వసూలు చేసిన డబ్బులో కొంత మిగిలింది. దాంతో పంపు బాగు చేయించాలని మాదయ్య లేచాడు. అదే వీధిలో ఉంటూ మైలాపూరు బడిలో సైన్సు చెప్పే కౌముది, వీధి పిల్లలందరినీ బస్సులో శ్రీహరికోటకు తీసుకుపోయి రాకెట్టు చూపించాలని ఇంకోవైపు లేచింది. రెంటికీ చాలదు. వీధి సంఘం సెక్రటరీ కోదండరాం ఎవరికీ చెడ్డ కాలేని మనిషి. అందుకని పట్టిమన్రం పెడదామన్నాడు. అరవదేశంలో అన్ని తగువులకూ అదే మందు: రెండు కక్షలు, అంటే పక్షాలు, మైకులో వాదించుకుంటాయి, నడుమ కూర్చున్న పెద్ద తీర్పు చెబుతాడు. ఆ పెద్ద కోదండరామే. తీర్పు ఎటైతే డబ్బు అటే.

ఆదివారం రాహుకాలం పోయాక, ఆరింటికి మొదలన్నాడు. రాహుకాలం చూసుకున్నాడు గానీ, వాన మూలంగా వాయిదా పడిన రాకెట్టు అదే ఆదివారం అదే పొద్దుకు ఎగరబోతోందని చూసుకోలేదు. మాదయ్యకు పొద్దున్నే తెలిసింది. చెబుదామా? "రాకెట్టు గిట్టనోడికి టైము ఎట్టా తెలుసును?" అంటారు. నోరు కుట్టేసుకున్నాడు.

కౌముది మొదట మాట్లాడింది. "తుపాను వస్తాదని పైనుంచి చూసి చెప్పబట్టే గదా రాయపురం పడవలు ఒడ్డున ఉండేది! పైకి పోయే దుడ్డంతా కింద ప్రాణాలై దిగతా ఉంది" అంది. బాగానే చెప్పింది. కానీ ఎంతకీ ఆపదే! మాదయ్య వాచీ చూసుకుని చెమటలు కక్కుతున్నాడు.

ఎట్టకేలకు మైకు చేతికొచ్చింది. వైరు లేని మైకు.

"అమ్మణ్ణీ, తుపాను వస్తాదని పైనోడు చెప్పినాడు, సెరి. వచ్చిన నీళ్ళు పోయేదానికి కాలవ ఎవురు తవ్వాల? ఆ పైనోడేనా? కడుపు నిండినోడు ఆకాశం చూస్తాడు, బిందె నిండనోడు నేల చూస్తాడు! చూడండప్పా, నా పెండ్లాం చెయ్యి..." అంటూ ముందు వరసలో కూర్చున్న భువనేశ్వరిని చూపించాడు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. కోదండరాం కూడా తలాడించాడు. పంపు దక్కినట్టే.

"మామా, మాటమాటకీ ఉత్తరంగా ఏం చూస్తా ఉండారు?" అంది కౌముది, అమాయకంగా.

అంతలో ఎవరో మిద్దె మీది నుంచి "రాకెట్టు డోయ్!" అని కేకేశారు.

కుర్చీలు పడ్డాయి. జనం మెట్ల మీదికి ఎగబడ్డారు, అందరికన్నా ముందు మాదయ్య. చేతిలో మైకు ఉందన్న సంగతే మరిచాడు. వీధిలో ఖాళీ కుర్చీల నడుమ భువనేశ్వరి ఒక్కతే మిగిలింది. నెత్తిమీది స్పీకరు గర్జించింది: "పో నాయనా! పో నా బంగారు కొండా! రేయ్, కింది ముక్క ఊడిందిరా! తగలకుండా పో తండ్రీ, పో!"

పెళ్ళయిన నాటినుంచి ఆ గొంతులో అంత ముద్దు ఆమె ఎన్నడూ వినలేదు.

అందరూ నవ్వుకుంటూ దిగారు. కోదండరాం గొంతు సవరించుకున్నాడు. "ఎదిరి కక్ష నాయకుడే బంగారు కొండా అన్నాక నేను చెప్పేదేముంది? బస్సే!"

పిల్లలు ఈలలు వేశారు. మాదయ్య మాత్రం భార్య భుజం వైపు చూసి, ఆ చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చెప్పుల వైపు తిప్పుకున్నాడు. గెలిచిన పంపును తన నోటితోనే పోగొట్టాడు.

భువనేశ్వరి లేచి వచ్చి, అతని చేతిలోంచి మైకు తీసుకుంది.

"తీర్పు సెరే కోదండరామన్నా. పిలకాయలు చూసి రానీ. అయితే ఒక మాట. బస్సు పొయ్యొచ్చేదాకా పంపు కొట్టేది ఎవురు? ఇందాక మెట్లెక్కేటప్పుడు మొగోళ్ళ కాళ్ళలో బలం చూసినా. చేతుల్లో గూడా ఉంటాది గదా?"

ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. అంత మంది ముందర కాదంటే పరువు పోతుందని మగవాళ్ళంతా తలలూపారు.

మర్నాడు తెల్లవారేసరికి పంపు దగ్గర మగవాళ్ళ బారు. మొదటివాడు మాదయ్య. పిడికి వేలాడి, మూడు దెబ్బలకు ఒక చెంబెడు నీళ్ళు తెచ్చి, పక్కన దిమ్మె మీద కూలబడ్డాడు.

"దీన్ని నువ్వు దినామూ కొట్నావా భువనా?"

"లేదు, వడియాలు తీసేదానికి పొయ్యేదాన్ని" అంది ఆమె.

వారం తిరక్కముందే కోదండరాం నడుముకు పట్టీ వేసుకుని, ఫిట్టరును తానే వెంటబెట్టుకొచ్చాడు. పందిరి డబ్బు బోరులోకి దిగిపోయింది. తీర్పును గుర్తుచేయడానికి మగవాళ్ళలో ఒక్కడికీ ఓపిక లేదు. పంపు ఇప్పుడు వేలితో నొక్కినా పలుకుతుంది.

కౌముది అలిగింది. ఆమెను సముదాయించడానికి మాదయ్యే వెళ్ళాడు.

"ఆ పొద్దు రాకెట్టు పోతాదని నీకు ముందే తెలుసు గదా అమ్మణ్ణీ? కావాలనే సాగదీసినావు!"

"మీకూ తెలుసు గదా మామా?"

మాదయ్య మీసం దువ్వుకున్నాడు. సాయంత్రం టీ కొట్లో అదే బల్ల, అదే గొంతు: "ఏమప్పా కోదండరాం, నీళ్ళు నీళ్ళని ఎన్నాళ్ళు నేలకేసి చూస్తాం? పిలకాయలకు ఆకాశం చూపించొద్దా? ఇంటింటికీ పోయి వసూలు చేద్దాం పా!" కొట్టువాడి చేతిలో టీ ఒలికింది.

బస్సు కుదిరింది. పిల్లలతో పాటు పెద్దవాడొకడు తోడుండాలన్నారు. ఎవరుంటారని అడగకముందే మాదయ్య చొక్కా ఇస్త్రీ చేసుకుని కూర్చున్నాడు. బయలుదేరే పొద్దున గడప దగ్గర నీళ్ళు నమిలాడు.

"పొయ్యొచ్చేదా భువనా?"

"పొయ్యి కళ్ళారా చూసి రా. ఈసారి ట్యాంకు వెనకాల నక్కే పని లేదులే" అంది ఆమె. అతను మెట్టు దిగబోతుంటే ఖాళీ బిందెలు రెండు చేతికిచ్చింది. "ముందర ఇవి కొట్టి పెట్టి పో."