నేను మాగాణి చేసిన ఫుట్‌బాల్ మైదానం

పదేళ్ల కిందట సెప్టెంబరులో మా కంపెనీ నన్ను మొజాంబిక్‌లోని ఒక తీరపట్టణానికి సైట్ ఇంజినీరుగా వేసింది. అంతకుముందు నా సర్వీసంతా కాలువ పనుల్లోనే గడిచింది. అక్కడి పని ఒక ఫుట్‌బాల్ క్లబ్బు స్టేడియం మరమ్మతు. రేవు కూలీలు, చేపలమ్మే ఆడవాళ్లు కలిసి నడుపుకునే క్లబ్బది. డిసెంబరులో పక్కపేట క్లబ్బుతో ఆఖరి మ్యాచ్. గెలిస్తే పై డివిజనుకు వెళ్తారు. మైదానం సిద్ధం కాకపోతే ఆ మ్యాచ్ పక్కపేట స్టేడియంలో ఆడాలి.

మొదట లెవెలింగ్ చేశాను. అంటే, మూడుకాళ్ల స్టాండు మీది దుర్భిణిలోంచి దూరంగా నిలబెట్టిన కొలబద్ద మీది అంకెలు చదివి, ఎత్తుపల్లాలు రాసుకోవడం. మైదానం నడుమ అంచులకంటే ముప్పై సెంటీమీటర్లు ఎత్తు తేలింది. పాత కాంట్రాక్టరు చేతకానితనం అనుకుని, గీకెయ్యమని గ్రేడర్ ఆపరేటర్ మస్తాన్‌కు చెప్పాను. మస్తాన్‌ది మాచర్ల. నాకంటే రెండు నెలలు ముందొచ్చి అక్కడివాళ్లు మాట్లాడే పోర్చుగీసు పట్టేశాడు. నేను నేర్చుకోలేదు. వాళ్లే నా ఇంగ్లీషుకు అలవాటు పడతారులే అనుకున్నాను.

మైదానం చూసుకునే ముసలాయన మాన్యుయెల్ గ్రేడరుకు అడ్డం నిలబడ్డాడు.

“నడుమ ఎత్తుండాలంట సార్. తియ్యొద్దంటన్నాడు,” అన్నాడు మస్తాన్.

“నాలుగొందల ఎకరాల మాగాణి చదును చేయించిన వంశం మాది. నేల గురించి నాకు చెబుతాడా?”

“ఇప్పుడెంతుంది సార్?”

నరసరావుపేటలో అద్దె ఇల్లుంది. అది చెప్పకుండా పని కానివ్వమన్నాను. మస్తాన్ నా వంశం సంగతి ముసలాయనకు వివరించాడు. ఆయన టోపీ తీసి నడుం వంచాడు. గౌరవమనుకున్నాను.

మూల నుంచి మూలకు సెంటీమీటరు తేడా లేకుండా మట్టం వచ్చింది. రిజిస్టరులో ఇంటిపేరు పూర్తిగా రాసి సంతకం పెట్టాను.

మ్యాచ్‌కు రెండు రోజుల ముందు వాన పడింది. తెల్లారి చూస్తే మైదానమంతా ఒకే లోతున, చీలమండ దాకా నీరు. మా తాత చూస్తే మెచ్చుకునేవాడు.

“ఏంది సారూ, నాట్లెప్పుడు?” అన్నాడు మస్తాన్.

లీగు అధికారి బంతిని తన నడుమంత ఎత్తు నుంచి వదిలాడు. పైకి లేవాలి. తేలింది. మ్యాచ్ పక్కపేటకు మారింది. మావాళ్లు ఒక్క గోలుతో ఓడారు.

మర్నాడు గేటు దగ్గర చేపలమ్మే ఒకావిడ బుట్ట దించి నాతో ఏదో అంది. ఏమందని మస్తాన్‌ను అడిగాను.

“వల తెచ్చుకోమంటారా అంటంది సార్.”

నా పై అధికారి రెసిడెంట్ ఇంజినీరు సంజాయిషీ అడిగారు. ‘అకాల వర్షం’ అని రాసి కొట్టేశాను. అక్కడ డిసెంబరంటే వానాకాలమే. ‘నడుమ ఎత్తు నీరు అంచులకు జారిపోవడానికి ఉంచినది. నేను తీయించాను. మాన్యుయెల్ వద్దన్నాడు’ అని రాసిచ్చాను.

జనవరిలో మైదానం నడుమ మళ్లీ ఎత్తు చేసేటప్పుడు, మాన్యుయెల్ తాడు లాగి చూపించిన చోటల్లా నేను కొలబద్ద పట్టుకుని నిలబడ్డాను. సర్వేలో అందరికంటే కింది పని అది. కదలకుండా నిటారుగా నిలబడాలి, అంతే. ఆ ఒక్క అర్హత మాత్రం మా వంశం నుంచి నాకు పూర్తిగా సంక్రమించింది.

నేర్చుకున్నది ఇది: మట్టం పట్టే ముందు అక్కడ నీరు నిలవాలా, పోవాలా అని అడగాలి. అడగాల్సింది ఆ నేల మీద రోజూ నడిచేవాణ్ణి.