గాలి సోకని గుడ్లు

మా మామయ్య ఫ్రిజ్జులు బాగుచేస్తాడు. ముప్పై ఏళ్లుగా అదే పని. ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, అందరికీ రబ్బరాయనే. ఫ్రిజ్జు తలుపు చుట్టూ ఉండే రబ్బరు వేయడంలో ఆయన్ని మించినవాడు లేడు. వేశాక సందులో ఒక కాగితం ముక్క పెట్టి, తలుపు మూసి లాగుతాడు. కాగితం జారిందా, ఎవరూ అడక్కపోయినా రబ్బరంతా పీకి మళ్లీ వేస్తాడు. అది చినిగి సగమే చేతికొస్తే తృప్తి.

అలాంటి మనిషి గుడ్లు పొదిగే పెట్టె ఎలా చేస్తాడు? మూలపడ్డ ఫ్రిజ్జు ఒకటి తీసుకున్నాడు. లోపల రెండు బల్బులు, వేడి పెరిగితే వాటిని ఆర్పే థర్మోస్టాట్, అడుగున నీళ్ల పళ్లెం. తలుపుకి కొత్త రబ్బరు. కాగితం చినిగింది.

గుడ్లు మా అత్తయ్య కోడివి. మెడ మీద ఈకల్లేని కోడి. "బోసమ్మా" అంటే చాలు, వంటింటి గడప దాకా పరుగెత్తుకొచ్చేది. అత్తయ్య పోయాక గుడ్లు పెట్టింది గానీ పొదగడానికి కూర్చోలేదు. ఆమె చేత్తో పెంచిన ప్రాణం అదొక్కటే మిగిలింది. దాని వంశం నిలబడాలని మామయ్య పట్టు.

మొదటిసారి పన్నెండు పెట్టాడు. ఇరవయ్యో రోజు మధ్యాహ్నం నేను వెళ్లేసరికి ఫ్రిజ్జు తలుపుకి చెవి ఆనించి నేల మీద కూర్చున్నాడు.

"అల్లుడూ, ఇలా రా. విను."

లోపల్నుంచి సన్నగా, టక్. కాసేపాగి మళ్లీ, టక్.

"తలుపు తియ్యి మామయ్యా, చూద్దాం."

"తీస్తే వేడి పోతుందిరా. వాటంతటవే వస్తాయి."

సాయంత్రానికి చప్పుడు ఆగిపోయింది. మర్నాడు తీస్తే ఒక్క గుడ్డూ పగల్లేదు. మేమే పగలగొట్టి చూశాం. పన్నెండింట్లోనూ పూర్తిగా తయారైన పిల్లలు, తడి ఈకలతో, ముక్కు పైకెత్తి ఉన్నాయి.

ఆయన చెవిలో మాత్రం ఆ చప్పుడు ఆగలేదు. ఎవరింటికి రిపేరుకి వెళ్లినా ముందు తలుపుకి చెవి పెట్టేవాడు. "లోపల ఏమన్నా ఉందా అమ్మా?" అనడిగేవాడు.

"నిన్నటి కూరుంది, తింటావా రబ్బరాయనా?" అని ఒకావిడ నవ్వింది. ఆయన నవ్వలేదు. తలుపు తీసి, అరలన్నీ చూశాకే పనిముట్ల సంచి విప్పాడు.

ఈలోగా బోసమ్మని కుక్క ఎత్తుకుపోయింది. అది చివరగా పెట్టిన తొమ్మిది గుడ్లు మిగిలాయి. ఇవీ పోతే ఇక అంతే.

మా అమ్మ వాటిని చూసి, "మళ్లీ ఆ పెట్టెలోనే పెడతావురా తమ్ముడూ? వద్దు. దానికేదో గాలి సోకింది" అంది.

"గాలి సోకి కాదమ్మా, సోకక చచ్చాయి" అన్నాను. "అందులో ఎలుకైనా బతకదు. పైన బల్బుల దగ్గర కాలిపోతోంది, కింద చల్లగా ఉంది. గాలి కదిలితే కదా. కన్నాలు పెట్టాలి, ఫ్యాను పెట్టాలి."

మామయ్య మొహం పాలిపోయింది. నోటికొచ్చింది అనేయడం నాకు కొత్త కాదు. ఈసారి ఎక్కడ తగిలిందో మాత్రం అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు.

"మీ అత్తయ్యా అదే అంది. గాలాడటం లేదండీ, కిటికీ తియ్యండి అంది. ఆయాసం మనిషికి దుమ్ము పడదని నేను కిటికీ చుట్టూ రబ్బరు వేశాను. కాగితం పెట్టి లాగి కూడా చూశానురా."

"ఆమె జబ్బుతో పోయింది. కిటికీ వల్ల కాదు" అంది అమ్మ.

"చివరి రోజు పిలవడానికి ఊపిరి చాల్లేదక్కా. గోడ మీద వేళ్లతో కొట్టేది. టక్, టక్ అని."



మర్నాడు పొద్దున్నే డ్రిల్లు తీశాడు. ఫ్రిజ్జు గోడకి కన్నం వేయడానికి ఆయనకి చెయ్యి రాలేదు. నేను వేస్తానంటే "జరుగు" అని కసిరాడు. కింద నాలుగు, పైన మూడు వేశాడు. నా పాత కంప్యూటర్లోంచి ఊడబీకిన చిన్న ఫ్యానుని వెనక గోడకి బిగించాం, గుడ్ల మీదికి నేరుగా కొట్టకుండా ముఖం పైకి తిప్పి. మూడు అరల్లో మూడు థర్మామీటర్లు పెడితే, ఒక పూట గడిచేసరికి మూడూ ఒకే అంకె దగ్గరికి వచ్చాయి. గాలి తిరిగేసరికి నీళ్లు తొందరగా ఆరిపోతున్నాయని ఇంకో పళ్లెం పెట్టాడు.

చివర్న కాగితం ముక్క తీసి పై కన్నం దగ్గర పట్టుకున్నాడు. అది అల్లాడింది. చెయ్యి నొప్పెట్టేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

తొమ్మిది గుడ్లూ లోపల పెట్టిన ఇరవై ఒకటో రోజు ఐదు పిల్లలు బయటికొచ్చాయి. రెండింటి మెడ బోసి. నాలుగు గుడ్లు అలాగే ఉండిపోయాయి. పిల్లల్ని బుట్టలోకి మార్చి, స్విచ్చి ఆపేసి, ఖాళీ పెట్టెకి మామయ్య మళ్లీ చెవి ఆనించాడు.

"ఆగిందా?" అని అడిగాను.

"ఇక్కడ ఆగింది" అన్నాడు.

లేచి అత్తయ్య గదిలోకి వెళ్లాడు. కిటికీ రబ్బరు పీకుతుంటే, బిగుసుకుపోయి ముక్కలు ముక్కలుగా ఊడుతోంది. స్క్రూడ్రైవరు కావాలన్నాడు. తీసుకెళ్లి ఇచ్చాను.