కర్పూరం మానేసిన ఇల్లు

మా అత్తగారు నన్ను పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో నాలుగు రోజులు "అమ్మాయ్" అన్నారు, ఆ తర్వాత "ఒసేయ్"లోకి దిగిపోయారు. పెరట్లోంచి ఒసేయ్, వీధి అరుగు మీంచి ఒసేయ్, వచ్చిన చుట్టాల ముందు కూడా ఒసేయే. మిగతా లోకానికంతా మాత్రం ఆవిడ నోట "అండి" లేని మాట రాదు. పాలబ్బాయికి అండి, కరెంటు మీటరు చూసే అతనికి అండి, ఫోను రాంగ్ నంబరైనా సరే "మీరెవరో తెలీలేదండి, భోజనాలయ్యాయాండి?" అని అడిగి గానీ పెట్టరు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. నేనేం తక్కువ తినలేదు. నా నోటి సంగతి మా పుట్టింటివాళ్ళు పెళ్ళిచూపుల్లోనే చెప్పాల్సింది, చెప్పలేదు, అది వాళ్ళ తప్పు. ఏళ్ళ తరబడి ఒకే వంటింట్లో ఇద్దరం పోట్లాడుకుని పోట్లాడుకుని, చివరికి ఒసేయ్ అంటే అది నా పేరేననిపించేంతగా అలవాటైపోయింది.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ మాట ఆగిపోయిన రోజు గురించే నేను చెప్పబోయేది.

కరోనా సద్దుమణిగాక వచ్చిన ఒక ధనుర్మాసం. మా ఊరు భీమవరానికి దగ్గర. చుట్టూ రొయ్యల చెరువులు, మా ఆయనకూ ఉన్నాయి. ఆ ఏడు మంచు మామూలుగా పట్టలేదు. పొద్దెక్కినా విడిచేది కాదు. ఎదురింటి గేటు కనపడదు గానీ చెరువు నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్ల చప్పుడు మాత్రం వినిపిస్తూ ఉంటుంది, ఏ వైపు నుంచో తెలియదు. వద్దన్నా వినకుండా ఆ మంచులో ముగ్గు వెయ్యడానికి దిగి మా అత్తగారు జలుబు తెచ్చుకున్నారు. ఊళ్ళో అందరికీ వస్తున్న వైరల్ జ్వరమే, పోతుందిలే అనుకున్నాం. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది, దగ్గు లోపలికి దిగింది. కుడి డొక్కలో పొడుస్తోందంటూ ఆ పక్కకే తిరిగి, కదలకుండా పడుకునేవారు.

మా ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా మొదటి కబురు మేష్టారు మావయ్యకి. ఆయన మా అత్తగారి తమ్ముడు. బడిపంతులుగా రిటైరయ్యాక హోమియోపతి పట్టుకున్నారు. కాలేజీలో చదివింది కాదు, పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నది. చిన్న చెక్కపెట్టె, అందులో వరసగా గాజు సీసాలు, వాటినిండా తెల్లటి తీపి మాత్రలు. పైసా తీసుకోరు. కరోనా రోజుల్లో ఇంటింటికీ తిరిగి పంచిన మనిషి. మేమందరం నాలిక చాపి వేయించుకున్నవాళ్ళమే. పిల్లలైతే దగ్గు లేకపోయినా దగ్గి మరీ వేయించుకునేవాళ్ళు. మంచి మనిషి, అక్కంటే ప్రాణం పెడతారు. అందుకే ఆయన మాట కాదనడం మా ఆయన వల్ల ఎప్పుడూ కాలేదు.

ఆయన మందు కన్నా పథ్యం పెద్దది. ఘాటు వాసన ఉన్నదేదీ ఇంట్లో ఉండకూడదు, మందు గుణం పోతుందంటారు. కాఫీ మానెయ్యాలి. ఉల్లి, వెల్లుల్లి, ఇంగువ వద్దు. నడుముకి రాసుకునే బామ్ సీసా కూడా బయట పారేయించారు. ఆఖరికి దేవుడి దగ్గర కర్పూరం కూడా వద్దన్నారు. ఆ వాసన తగిలితే మందు చచ్చిపోతుందట. "దేవుడేమీ అనుకోడమ్మాయ్, నూనె దీపం పెట్టు చాలు" అన్నారు. పెట్టాను. నెలంతా హారతులిచ్చుకునే ధనుర్మాసంలో దేవుడి గదివైపు చూడాలంటే నాకు ఏదోలా ఉండేది.

రెండు మూడు రోజులకే ఇల్లు మారిపోయింది. పొద్దున్న లేచి వంటింట్లోకి వెళితే అది ఎవరి వంటిల్లో అనిపించేది. డికాషన్ వాసన లేదు, పోపు వాసన లేదు, అగరొత్తుల వాసన లేదు. గోడలు అవే, గడియారం అదే, కళ్ళు మూసుకుంటే మాత్రం ఎక్కడున్నానో తెలిసేది కాదు. అద్దెకివ్వడానికి కడిగి పెట్టిన ఇల్లులా ఉండేది. కిటికీ తీస్తే మంచు మెల్లగా లోపలికి వచ్చేది, దానికీ వాసన లేదు. నాకు పట్టపగలే భయం వేసింది. మా ఆయనతో అంటే "జలుబు నీకూ పట్టిందేమో, ముక్కు పనిచెయ్యట్లేదు" అని తేల్చేశారు.

మావయ్య పొద్దునా సాయంత్రమూ వచ్చి అక్క మంచం పక్కన కుర్చీ వేసుకుని ప్రశ్నలడిగేవారు. నొప్పి ఉన్న పక్కకే పడుకుంటున్నావా, రెండో పక్కకా? నీళ్ళు గుక్కెడు చాలుతున్నాయా, చెంబుడు కావాలనిపిస్తోందా? ఎవరైనా కదిపితే చిరాకేస్తోందా? కలలో ఏం కనపడుతోంది? మామూలు డాక్టర్లు ఇవన్నీ ఎక్కడ అడుగుతారు, మనిషిని ఇంత పట్టించుకుంటున్నారు కదా అని మొదట్లో నాకూ ముచ్చటేసింది. జవాబు తను అనుకుంటున్న మందుకి సరిపోయినప్పుడల్లా ఆయన మొహం వెలిగిపోయేది.

ఒక మధ్యాహ్నం, మంచు అప్పుడే పలచబడుతుండగా, మా అత్తగారు కళ్ళు తెరిచి తమ్ముణ్ణి చూసి, "ఇంటికెళ్దాం పదరా" అన్నారు.

"ఇంట్లోనే ఉన్నావు కదక్కా."

"ఇది కాదురా, మనింటికి. పొద్దుపోతోంది, లే."

నేను దగ్గరికొచ్చి ఆవిడ నుదురు పట్టుకు చూశాను. మావయ్య మాత్రం కుర్చీలోంచి ఎగిరినంత పని చేశారు. "విన్నావా అమ్మాయ్! ఇంట్లోనే ఉండి ఇంటికెళ్తాననడం! ఇది బ్రయోనియా మందుకి చెప్పిన లక్షణం, అచ్చుగుద్దినట్టు సరిపోయింది. ఇంక భయం లేదు" అంటూ పెట్టె తెరిచారు. ఆయన సంబరం చూసి సంతోషపడాలో ఏడవాలో తెలియక నిలబడ్డాను. మాత్రలు నాలిక మీద వేస్తే ఆవిడ చంటిపిల్లలా నోరు తెరిచి వేయించుకున్నారు. తర్వాత గోడవైపు చూసి, "మా ఇంట్లో కూడా ఇలాంటి గడియారమే ఉంది" అన్నారు. అది ఆవిడే దగ్గరుండి కొనిపించిన గడియారం.

మర్నాటి పొద్దుటికి ఆయాసం ఎక్కువైంది. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. పెదవుల రంగు నాకు నచ్చలేదు. ఆసుపత్రికి తీసుకెళ్దామన్నాను.

"మందు పట్టేటప్పుడు జబ్బు ముందు కాస్త పెరుగుతుందమ్మాయ్. పెరిగిందంటే పనిచేస్తోందన్నమాట. ఇప్పుడు కదిపి చెడగొట్టకు" అన్నారు మావయ్య.

మరి తగ్గితే? తగ్గినా మందు పనిచేసినట్టే. ఇంక పనిచెయ్యలేదని తెలిసేదెప్పుడు మహానుభావా అని నాలిక చివరిదాకా వచ్చింది. పెద్దాయన, పైగా పడుకున్నది ఆయన సొంత అక్క. మింగేశాను. మా ఆయన మావయ్య మొహమూ నా మొహమూ చూసి, చెరువు చూసొస్తానని తప్పించుకున్నారు. కాసేపటికి మావయ్య కూడా వెళ్ళిపోయారు.

అప్పుడు నాకొకటి తోచింది. ఈ ఇంటికి వాసన లేకపోవడం వల్లే ఈవిడ ఇంటిని గుర్తుపట్టడం లేదేమో. పిచ్చి ఆలోచనే. కానీ ఆ ఇంట్లో, ఆ మంచులో అది పిచ్చిగా అనిపించలేదు. డబ్బా అడుగున మిగిలిన పొడితో చిక్కగా డికాషన్ తీశాను. దేవుడి దగ్గర కర్పూరం బిళ్ళ వెలిగించాను. మందు చస్తే చచ్చింది. కాఫీ వాసన, కర్పూరం వాసన కలిసి ఇల్లంతా పాకితే నాకు ప్రాణం లేచొచ్చింది. గ్లాసు తీసుకెళ్ళి ఆవిడ మొహం దగ్గర పెట్టాను. ఒసేయ్, పథ్యం చెడగొట్టావే అని ఇప్పుడు అరుస్తారు, ఇప్పుడు అరుస్తారు అని చూస్తున్నాను.

ఆవిడ కళ్ళు తెరిచి నన్ను చూశారు. పరాయివాళ్ళ ముందు సర్దుకున్నట్టు పైట సర్దుకుని లేవబోయారు.

"ఎందుకండీ మీకు శ్రమ" అన్నారు.

గ్లాసు ఇంకాస్త దగ్గరికి జరిపాను. "నేను అత్తయ్యా. తాగండి."

"వద్దండి. మా ఇంటికెళ్ళి తాగుతానండి. కాస్త... ఎవరినైనా తోడిచ్చి పంపించండి." ఊపిరి అందక ఆగారు. "మా కోడలు ఎదురుచూస్తా ఉంటుందండి. నోరు పెద్దదే గానండి... నేను కనపడకపోతే అన్నం తినదు."

ఈ మాటలన్నీ మర్యాదగా నవ్వుతూ అన్నారు. ఆ నవ్వు నేను ఎరిగినదే, అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి నవ్వేది. నాకెప్పుడూ నవ్వలేదు. గదినిండా కర్పూరం వాసన ఉంది, ఆవిడకి అందడం లేదు. నేనెవరి ఇంట్లో ఉన్నానో, నేనెవరినో నాకే ఒక్క క్షణం తెలియలేదు. వెనక్కి జరిగి గోడకి ఆనుకున్నాను. "అత్తయ్యా, ఒక్కసారి నన్ను ఒసేయ్ అనండి" అని అడిగాను. నిజంగానే అడిగాను.

ఆవిడ ఇబ్బందిగా చూశారు. "అదేంటండీ, మిమ్మల్ని అలా అనొచ్చాండి" అన్నారు.

ఇంక ఆగలేదు. పక్కింటావిణ్ణి కూర్చోబెట్టి పెరటి దారిన చెరువుకి పరిగెత్తాను. ఏరియేటర్ల చప్పుడు అన్నివైపులా ఉంది, చెరువు మాత్రం కనపడలేదు. గట్టు కాలికి తగిలాక గానీ వచ్చానని తెలియలేదు. మా ఆయన అంచున కూర్చుని నీళ్ళలోకి చూస్తున్నారు. మంచు పట్టిన పొద్దుల్లో నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, అప్పుడు రొయ్యలు ఉండలేక పైకి తేలి గట్టు వారకి చేరతాయి. అలా ఒక్కటి కనపడితే చాలు, ఈయన కంచం ముందు నుంచి లేచి పరిగెడతారు.

"రొయ్య తేలితే ఏరియేటరు వేస్తారా, రేపటికి తగ్గుతుందిలే అని కూర్చుంటారా?" అన్నాను.

"అదేం ప్రశ్నే?"

"మీ అమ్మ తేలుతోంది. లేవండి."

"మావయ్యకొక మాట..."

"మావయ్యకి నేను చెప్పుకుంటాను. కారు తియ్యండి ముందు."

నేను ఏడుస్తున్నానని ఆయన మొహం చూశాకే నాకు తెలిసింది. కరోనాలో కొన్న, ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపే వేలి మిషను బీరువాలో ఉంది గానీ బ్యాటరీల్లేవు. టీవీ రిమోట్‌లోవి పీకి వేశాను. అందులో అంకె బాగా కిందుంది, చూడగానే మా ఆయన కారు గుమ్మం ముందుకి తెచ్చారు. తల్లిని రెండు చేతుల మీదా ఎత్తుకొచ్చి వెనక సీట్లో పడుకోబెట్టారు. దారి పొడుగునా మంచే, లైట్లేసుకుని హారన్ కొట్టుకుంటూ వెళ్ళాం. నా ఒళ్ళో తలపెట్టుకుని ఆవిడ, "మీ మేలు మర్చిపోనండి, ఇంటికి తీసుకెళ్తున్నారు" అని పదే పదే అంటున్నారు. ఆవిడ లెక్కలో నేనెవరో దారినపోయే పుణ్యాత్మురాలిని. ఇంకేం చెప్పినా భయపడతారని, "ఆయ్, వచ్చేశామండి, దగ్గరికొచ్చేశామండి" అని నేనూ పరాయిదానిలాగే జవాబు చెబుతూ కూర్చున్నాను.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి న్యుమోనియా అన్నారు. కుడి ఊపిరితిత్తి చాలావరకు పట్టేసిందట. ఆక్సిజన్ పెట్టి యాంటీబయాటిక్ ఇంజక్షన్లు మొదలెట్టారు. ఆ తికమక మాటలు ఊపిరి చాలకేనని, ఇంకాస్త ఆలస్యమైతే చేతులెత్తెయ్యాల్సి వచ్చేదని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లోనే ఉండి ఇంటికెళ్తానన్నారని చెబితే, "లక్షణమేనమ్మా, వెంటనే ఇక్కడికి తీసుకురావాల్సిన లక్షణం" అంది.

సాయంత్రం మావయ్య వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. చేతిలో పెట్టె లేదు. ఆసుపత్రి వాసనలకి మాత్రలు పాడవుతాయని బండిలో వదిలి వచ్చారట. కడిగి పారెయ్యాలని నేను పొద్దుటి నుంచీ మాటలు కూడబెట్టుకుని ఉన్నాను. ఆయన తలుపు అద్దంలోంచి అక్క ముక్కుకున్న గొట్టం వైపు చూస్తూ, "పెరుగుతుంటే పనిచేస్తోందనుకున్నానమ్మాయ్" అన్నారు. కుర్చీ జరిపి కూర్చోబెట్టాను.

ఎన్నాళ్ళకో గుర్తులేదు. ఒక పొద్దున్న ఆ గొట్టం సర్దుతుంటే అత్తగారు నా చేతి మీద ఒక్కటి వేసి, "ఒసేయ్, నెమ్మది. కాఫీ ఏదీ?" అన్నారు. ముసలావిడ తిట్టిందని ఏడుస్తున్నాననుకుని నర్సమ్మ నన్ను పక్కకి తీసుకెళ్ళి ఓదార్చింది.

ఇంటికొచ్చిన రోజు హారతిచ్చి, ఉల్లిపాయలు దండిగా వేసి పులుసు పెట్టి, ఆవిడకి కాఫీ కలిపి ఇచ్చాను. గ్లాసు అందుకుని తాగకుండా ఏదో ఆలోచిస్తూ కూర్చున్నారు.

"ఆ ఇంట్లో కూడా ఒకావిడ నాకు కాఫీ తెచ్చిందే" అన్నారు.

"ఏ ఇంట్లో అత్తయ్యా?"

"అదేనే, జ్వరంలో నన్ను ఉంచారు చూడు, ఆ ఇల్లు. అచ్చం మనిల్లులాగే ఉంటుంది. వాసనే ఉండదు. ఆవిడ మంచిదే, పాపం. గోడకి ఆనుకుని ఏడ్చింది. ఏదో అనమని బతిమాలింది నన్ను. నేను అన్లేదు."

ఆవిడ గుమ్మం వైపు చూశారు.

"అక్కడ ఇంకెవరూ ఉన్నట్టు లేదే. మనం వచ్చేశాం గానీ, ఆవిడొక్కత్తే ఉండిపోయింది. మనతో తీసుకురావాల్సింది."

ఆవిడ నేనే అత్తయ్యా అని చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా. అంత వాగుడుకాయని, నా నోట ఆ మాట పెగల్లేదు. ఆవిడ కాఫీ సగం తాగి, మిగతా సగం మీద మూత పెట్టి బల్ల మీద ఉంచారు. ఎవరికని నేను అడగలేదు.

ఇప్పుడు మావయ్య ఎవరికైనా దగ్గు లోపలికి దిగిందంటే పెట్టె తెరిచే ముందు వేలికి మిషను పెడుతున్నారు, ఆసుపత్రికి పొమ్మని ఆయనే తరుముతున్నారు. మా అత్తగారు మునుపటిలాగే ఉన్నారు, నేనూ మునుపటిలాగే జవాబులు చెబుతున్నాను. ఒక్కటే మారింది. మంచు పట్టిన పొద్దున్న ఆవిడ లేచిన అలికిడి వినపడినా నేను వంటింట్లోంచి బయటికి రాను. గోడకి ఆనుకుని నిలబడతాను. ఒసేయ్ అని పిలిచాకే పాలు పొయ్యి మీద పెడతాను.